ఇంకొక్కసారి ఏడువమ్మా

చర్ల బస్టాండు పక్క హోటల్లో ఉప్మా ఎప్పుడూ ఉప్పు కషాయమే. ఆ రోజూ అంతే. భవాని రెండు ముద్దలు తిని ప్లేటు పక్కకి నెట్టి టీ చెప్పింది. 2008 ఆగస్టు, పొద్దున ఎనిమిదిన్నర. రెండు రోజుల ముసురు కాస్త తెరిపిచ్చింది. బల్ల మీద కెమెరా బ్యాగు, దాని అవతల జీపు డ్రైవరు జానీ మియా. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడే గానీ తాగడం లేదు.

"ఆ ఊరు వద్దు బేటీ..." అన్నాడు గుసగుసగా.

గుసగుస అంటే రహస్యమని కాదు. ఆయన గొంతే అంత. ఐదేళ్ల కిందటి వరకూ ఖమ్మం జీపుల అడ్డాలో జానీ మియా "పాల్వంచ! కొత్తగూడెం!" అని కేకేస్తే పక్క వీధిలో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చునేవాడు. 2003 ఎండాకాలంలో ఆ గొంతు పోయింది. ఖమ్మం దవాఖానాలో చూపించుకున్నాడు, హైదరాబాదులో గొట్టం వేయించుకుని చూపించుకున్నాడు. గొంతులో ఏ లోపమూ లేదని చెప్పి అందరూ ఇంటికి పంపారు.

"ఆరుగురి దగ్గరికి వెళ్లొచ్చాం కదా చాచా, ఎవరైనా కరిచారా? ఈ ఒక్కటీ తీసుకుంటే అయిపోతుంది."

"గా ఆరుగురు వేరే. వాళ్లకు మనం ఏం చెయ్యలే."

ఆ మాట భవానికి చురుక్కుమంది. విననట్టే టీ ఊదుకుంది.

భవాని సినిమాలు మీరు చూసి ఉండరు. చూశామని మొహమాటానికి చెప్పక్కర్లేదు, ఆమె సొంత మేనమామే ఒక్కటీ చూడలేదు. అవి డాక్యుమెంటరీలు. విడ్డూరమైన మనుషులంటే ఆమెకి పిచ్చి. రెండుసార్లు పిడుగు పడ్డా బతికిన పశువుల కాపరి లాల్‌సింగ్ మీద ఒకటి తీసింది. బోనకల్ స్టేషన్లో పద్దెనిమిదేళ్లుగా వచ్చిపోయే ప్రతి పాసింజరుకీ చెయ్యి ఊపే రూప్లి మీద ఒకటి. రేకు డబ్బాల్లో తేళ్లు పెంచే ద్వాలి మీద ఒకటి. అలా పదేళ్లలో ఏడు సినిమాలు. ఇప్పుడు హైదరాబాదులో ఒక ఫిల్మ్ క్లబ్బు వాళ్లు ఏడూ వరసగా వేస్తామన్నారు. ఆ మనుషులు ఇప్పుడెలా ఉన్నారో చివర్లో కాస్త కలిపితే బాగుంటుందన్నారు. ఆరుగురి దగ్గరికీ వెళ్లి కెమెరాలో తీసుకొచ్చింది. ఏడో మనిషి, భవానికి బహుమతి తెచ్చిపెట్టిన మనిషి, తునికిగుంపు ఎర్రమ్మ.

ఎర్రమ్మ శోకాలు పెట్టే మనిషి. చర్ల అవతల అడవిలో ఉన్న ఆ కోయగూడెంలో ఎవరు పోయినా శవం తలాపున ఆమే కూర్చోవాలి. మగవాళ్లు ఆ దరిదాపుల్లో ఉండరు. పోయిన మనిషిని తల్లి పేరుతో కలిపి మూడుసార్లు పిలిచి పంపుతుంది. మొదటి పిలుపుకి ప్రాణం లేచి నిలబడుతుంది. రెండో పిలుపుకి గడప దాటుతుంది. మూడో పిలుపుకి వెనక్కి చూడకుండా పోతుంది. ఇక ఆ ఇంటికీ ఆ మనిషికీ చుట్టరికం తెగినట్టే. అందుకే బతికున్నవాళ్ల మీద ఆ పిలుపు పెట్టరు. సరదాకి కూడా పాడరు.

2003లో భవాని ఆ గూడెంలో ఇరవై రోజులు మకాం వేసింది. ఆ ఇరవై రోజుల్లో ఒక్కరూ చావలేదు. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ, ఆమె పొద్దున లేవగానే ఎదురుచూసింది దానికోసమే. ఎర్రమ్మకి మాత్రం ఈ కెమెరా పిల్ల మీద ఎక్కడలేని ప్రేమ. జొన్నలు చెరుగుతూ కబుర్లు అడిగేది. "మీ అమ్మ పేరేంది బిడ్డా?" అని అడిగితే, "కళావతి. వేంసూరులో జాకెట్లు కుడుతుంది" అని భవాని చెప్పింది.

ఇరవయ్యో రోజుకి రెండు టేపులు మిగిలాయి. మర్నాడు పొద్దున బయల్దేరాలి. ఎర్రమ్మకి ఒక్కడే కొడుకు, దూలయ్య. మిరపకాయ కోతకని బోనకల్ వైపు కూలికి పోయి ఉన్నాడు. భవాని జానీ మియాని పక్కకి పిలిచింది. "ఒక్క గంట అబద్ధం చాచా. తీసేశాక మనమే నిజం చెప్పేద్దాం" అంది. ఆయన ససేమిరా అన్నాడు. ఆమె బతిమాలింది, అలిగింది, తన జీవితమంతా దీనిమీదే ఉందని కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి ఆయన దడి బయట నిలబడి, ఆ ఖంగుమనే గొంతుతో, "ఎర్రమ్మా! నీ కొడుకు ట్రాక్టర్ కింద పడ్డడు, పోయిండు!" అని అరిచాడు.

ఎర్రమ్మ శోకం మొదలెట్టింది. ఆ శోకం విని అడవి అడవే ఆగిపోయింది. మధ్యలో కెమెరా బ్యాటరీ అయిపోయింది. భవాని కొత్తది వేసి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, "బాగా వచ్చిందమ్మా. ఇంకొక్కసారి" అంది. ఆ తల్లి మళ్లీ మొదటినుంచి ఏడ్చింది. మూడు పిలుపులూ అయ్యాక, పొరపాటు జరిగింది, నీ కొడుక్కేమీ కాలేదు, టీ తాగమ్మా అన్నారు. ఎర్రమ్మ వాళ్లని చూసి, "తోలేసిన కద బిడ్డా... ఇప్పుడెట్ల పిలవాలె?" అంది. అప్పుడు కూడా కెమెరా తిరుగుతూనే ఉంది. సినిమాకి ఆఖరి షాటు అదే. చూసినవాళ్లు కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొట్టారు. దూలయ్య తిరిగొచ్చాడా, ఏమైందని భవాని ఒక్క కార్డు ముక్క కూడా రాయలేదు.

టీ అయ్యేసరికి ఫోను మోగింది.

"ఎక్కడ చచ్చావే?" అంది కళావతి. కూతురితో ఆవిడ ప్రతి ఫోనూ ఈ ముక్కతోనే మొదలవుతుంది.

"చర్లలో ఉన్నానమ్మా. సాయంత్రానికి వచ్చేస్తా."

"చీకటి పడకముందే రా. నీ నీలం జాకెట్టు చేతులు అతికించా. ఒళ్లు చేశావేమో, ఒకసారి కొలత చూడాలి."

"కొలతల పుస్తకంలో నాకో పేజీ ఉందిగా."

"అది ఆతియాకి. నీ కొలతలు నా చేతుల్లో ఉంటాయే."

కుట్టుమిషను చప్పుడు, మిషను దగ్గర హుక్సులు కుట్టే ఆతియా నవ్వు ఫోనులో వినబడ్డాయి. భవాని కూడా నవ్వి ఫోను పెట్టేసింది.

పోలీసు క్యాంపు దగ్గర జీపు ఆపి కెమెరా తిరగేసి మరగేసి చూసి పంపారు. అక్కడితో సిగ్నల్ పోయింది. వాగు దాటి, బురదలో రెండుసార్లు దిగి తోసుకుని తునికిగుంపు చేరేసరికి పదకొండు. మబ్బు మళ్లీ దిగింది. గూడెంలో కుక్క కూడా మొరగలేదు. జానీ మియా జీపు దిగలేదు, స్టీరింగ్ మీద తల వాల్చాడు. ఊరి పెద్ద ముసలయ్య ఒక్కడే దడి పక్కన నిలబడి ఉన్నాడు. కూర్చోమనలేదు.

"ఎర్రమ్మ పోయింది. పోయినేడు" అన్నాడు.

"అయ్యో... ఎలా పోయింది? దూలయ్య ఏడి?"

ముసలయ్య దడి వైపు చెయ్యి చూపించాడు.

"నువ్వు పోయిన నాలుగో దినం వచ్చిండు. నెత్తిన మిరపకాయల మూట. తల్లి బయటికొచ్చి, 'ఎవలు నాయనా, ఏ ఊరు?' అన్నది. చుట్టానికిచ్చినట్టు నీళ్లిచ్చింది. మేమందరం చెప్పినం. ఆమె కండ్లకు కొడుకు అగుపడలే. పరాయోడే అగుపడ్డడు. వానకాలం మొత్తం పిలగాడు గీ దడి బయట్నే నిలబడ్డడమ్మా. 'అమ్మా, నేనే' అనుకుంట. ఆఖరికి వాగుల పడి పోయిండు. శవం తెచ్చి పండబెడితే, 'ఎవలి బిడ్డనో పాపం, నా కొడుకు గూడ గిట్లనే పోయిండు' అన్నది."

భవాని దడి గుంజ పట్టుకుంది.

"గక్కడితో ఆగలే. సంతల, పొయ్యికాడ, ఏడ కూసుంటే ఆడ్నే లేచి మళ్లా మొదటికెళ్లి శోకం ఎత్తుకునేది. ఆపుదామన్నా ఆగేది కాదు. నువ్వు ఏడ్నో ఆ బొమ్మ ఆడిస్తున్నవని మాకు తర్వాత సమజయ్యింది. మొన్నొకయేడు శివరాత్రి ముంగట ఒక్క దినంల మూడుసార్లు ఏడ్చింది. మూడోసారికి నోట్లెకెళ్లి నెత్తురు పడ్డది."

శివరాత్రికి ముందు ఆదివారం. హైదరాబాదులో పదకొండింటికి, మూడింటికి, ఆరున్నరకి. మూడు ఆటలూ హాలు నిండింది. భవానికి ఆ రోజు ఏ చీర కట్టుకుందో కూడా గుర్తుంది.

"పోయేముందు కొంతసేపు మంచిగ తెలివొచ్చింది. కొడుకు యాదికొచ్చిండు. జరిగిందంత సమజయ్యింది. నీ పేరు అడిగింది. 'ఆ బిడ్డ తల్లి పేరు నాకు ఎరికే' అని నవ్వింది. నవ్వుకుంటనే పోయింది."

ఇక్కడ ఏ మనిషైనా ఏం చేస్తుంది? కాళ్ల మీద పడుతుంది, లేదా పారిపోతుంది. భవాని చెయ్యి బ్యాగులోకి పోయింది. ఏడుస్తూనే కెమెరా తీసింది. "ఇదంతా ఇంకొక్కసారి చెబుతారా తాతా..." అని నోట్లోంచి వచ్చేసింది. అలవాటు అంత పాడుది. ముసలయ్య థూ అని ఉమ్మేసి వెళ్లిపోయాడు.

ఎర్రమ్మ గుడిసె గూడెం చివర. తడిక ఒరిగిపోయింది. కనీసం ఇదైనా తీసుకుని వెళ్లిపోదామని వంగి లోపలికి వెళ్లింది. మధ్యాహ్నమైనా లోపల చీకటే. తడిమట్టి వాసన, పాత పొగ వాసన. కప్పు కారి నీళ్లు ఒకే చోట పడుతున్నాయి. భవాని కెమెరా ఆన్ చేసి కంటికి ఆనించుకుంది.

వాసన మారింది.

మిషను నూనె... కొత్త గుడ్డ... చాక్‌పీసు పొడి. పుట్టినప్పటినుంచీ ఎరిగిన వాసన. తర్వాత చప్పుడు. టకటకటక... ఆగి, టకటక. కెమెరాలో గుడిసె లేదు. వేంసూరు కొట్టు ఉంది. గోడకి వేలాడే జాకెట్లు. మిషను మీద నీలం గుడ్డ. అమ్మ వీపు.

కన్ను తీసింది. ఖాళీ గుడిసె. నీళ్లు పడుతున్నాయి.

మళ్లీ ఆనించింది. అమ్మ మిషను ఆపింది. గుమ్మంలో ఎవరో వచ్చినట్టు తల తిప్పింది. మనిషి కనబడలేదు. గొంతు వినబడింది. ఖంగుమనే గొంతు. ఐదేళ్లుగా ఎవరూ వినని గొంతు.

"అమ్మా! జీపు వాగుల పడ్డది! నీ బిడ్డ పోయింది!"

కళావతి చేతిలోంచి కత్తెర జారిపడింది. నోరు తెరిచింది. ఆ నోట్లోంచి వచ్చిన రాగం వేంసూరుది కాదు. ఎర్రమ్మది.

"కళావతి బిడ్డా... భవానీ..."

ఒకటి.

భవాని ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. బురదలో పడి లేచి జీపు చేరింది. "చాచా! వేంసూరు! జల్దీ!" అంది. జానీ మియా ఆమె మొహం చూసి ఏమీ అడగలేదు, బండి తిప్పాడు. ఆమె కెమెరా ఆపి, బ్యాటరీ ఊడబీకి డ్యాష్‌బోర్డులో పడేసింది. టేపు తీయబోతే మూత రాలేదు. గుడ్డ చుట్టి బ్యాగులో కుక్కింది.

"అమ్మ నా మీద శోకం పెడుతోంది చాచా. మూడోది పిలవకముందే నేను ఎదురుగా నిలబడాలి. మూడోది అయిపోతే... దూలయ్యకి అయినట్టే..."

"చెప్పిందెవరు అమ్మకు?"

జానీ మియా కంఠం మీద చెయ్యి పెట్టుకుని ఆమె వైపు చూశాడు. చూసి, కళ్లు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. చాలా దూరం వరకూ ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. దువా చదువుతున్నాడు.

వాన ఏకధార. వాగు దగ్గర గంటకు పైగా ఆగాల్సి వచ్చింది. దుమ్ముగూడెం దాటాక, బ్యాటరీ లేని కెమెరాలోంచి, గుడ్డల మధ్య నుంచి, సన్నగా...

"కళావతి బిడ్డా... భవానీ..."

రెండు.

భద్రాచలం బ్రిడ్జి మీదికి ఎక్కేసరికి సిగ్నల్ వచ్చింది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. ఆతియా ఎత్తింది. వెనక ఏడుపు.

"ఆతియా! నేను భవానిని!"

"ఎవరండీ మీరు? తప్పండీ అలా అనడం. భవానక్క పొద్దున పోయింది. జానీ మియా తాతే వచ్చి చెప్పిండు. మేమందరం విన్నం, ఎంత గట్టిగా అరిచిండనీ..."

"తాత నా పక్కనే ఉన్నాడే! ఆయనకి గొంతెక్కడిదే? అమ్మకివ్వు ఫోను! అమ్మని మళ్లీ పిలవనివ్వకు, నోటికి చెయ్యి అడ్డం పెట్టు, ఏదన్నా చెయ్యి!"

గరగర. ఫోను చేతులు మారింది. కళావతి ఎక్కిళ్లు దగ్గరగా వినబడ్డాయి.

"అమ్మా! నేనేనే! వచ్చేస్తున్నా!"

ఎక్కిళ్లు ఆగాయి. చాలా దూరం నుంచి, గుర్తు తెచ్చుకుంటున్నట్టు, ఆ గొంతు అంది. "ఎక్కడ... ఎక్కడ చ..."

ఫోను ఆగిపోయింది. మళ్లీ వెలగలేదు. అయినా ఆ సగం ముక్క చాలు భవానికి. అమ్మ ఇంకా తనదే. అశ్వారావుపేట దాకా ఆ సగం ముక్కనే పట్టుకుని కూర్చుంది. సత్తుపల్లిలో లారీలు అడ్డం. జానీ మియా హారన్ మీద అరచెయ్యి తీయలేదు. వేంసూరు చేరేసరికి ఆరు దాటింది. పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు. కొట్టు ముందు చెప్పులు, వీధిలో ఆడవాళ్లు. జీపు ఆగకముందే భవాని దూకింది.

"అమ్మా!"

ఆ కేక, లోపలి కేక ఒకేసారి లేచాయి.

"కళావతి బిడ్డా... భవానీ..."

మూడు. గుమ్మంలో ఆతియా. భవానిని చూసి గోడకి ఆనుకుపోయింది. "భవానక్కా... యా అల్లా... పిన్నీ, చూడు! భవానక్క బతికే ఉంది! పిన్నీ!"

కళావతి తల ఎత్తింది. చెంగుతో కళ్లు తుడుచుకుంది. భవానిని కిందినుంచి పైదాకా చూసింది. చాలా మర్యాదగా చూసింది.

"ఎవరమ్మా? జాకెట్టు కుట్టించుకోవాలా? ఇవాళ కొట్టు లేదు తల్లీ. మా అమ్మాయి పోయింది."

"అమ్మా, నేనే అమ్మా. నేనే."

"అలా వానలో తడిసొచ్చావేం పాపం? ఆతియా, మంచినీళ్లివ్వు."

భవాని నేల మీద కూలబడి ఆ రెండు చేతులూ పట్టుకుంది. సూది గుచ్చుకుని గట్టిపడిన ఆ వేళ్లు. కళ్లు మోసపోతే పోయాయి, చేతులున్నాయి కదా!

"కొలతలు తీసుకో అమ్మా. ఒక్కసారి. నీకు దండం పెడతా."

కళావతికి జాలేసినట్టుంది. మెడలో వేలాడే టేపు తీసింది. భుజం కొలిచింది. చెయ్యి కొలిచింది. ఛాతీ దగ్గర ఆమె చేతులు ఆగాయి. మళ్లీ భుజం కొలిచింది. వీధిలో ఆడవాళ్లంతా గుమ్మం దాకా జరిగారు. కళావతి భవాని మొహంలోకి వంగి, దగ్గరగా, చాలాసేపు చూసింది.

"అచ్చం మా అమ్మాయి కొలతలే" అంది. కళ్లు మళ్లీ నిండాయి. "ఆ నీలం జాకెట్టు నువ్వే తీసుకుపో తల్లీ. దానికోసమే కుట్టా. ఇంకెవరు తొడుక్కుంటారు?"

భవానికి ఏడుపు కూడా రాలేదు. దూలయ్య దడి బయట ఎలా నిలబడ్డాడో, ఎన్నాళ్లు నిలబడ్డాడో ఆ క్షణాన పూర్తిగా తెలిసింది. ఎర్రమ్మకి కావలసింది తన ప్రాణం కాదు. ఇది.

అప్పుడు ఆతియా కెవ్వుమంది. వేలు చూపించింది.

ఇస్త్రీ బల్ల మీద కెమెరా ఉంది. జీపులో బ్యాగు అడుగున గుడ్డ చుట్టి పెట్టిన కెమెరా. లెన్సు మూత తెరిచి, సరిగ్గా కళావతి మొహానికి గురిపెట్టి ఉంది. దాని బ్యాటరీ గుమ్మంలో నిలబడ్డ జానీ మియా చేతిలో ఉంది. అయినా ముందు ఎర్ర లైటు వెలుగుతోంది.

కెమెరా వెనక ఎవరూ లేరు. అక్కడి నుంచి ఒక ఆడగొంతు మాట్లాడింది. మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు. అది ఎర్రమ్మ గొంతు కాదు. నేల మీద నోరు మూసుకుని కూర్చున్న భవాని గొంతు.

"బాగా వచ్చిందమ్మా. ఇంకొక్కసారి."

కళావతి బుద్ధిగా తల ఊపింది. చెంగు సర్దుకుంది. కూతురి మొహం మీద నుంచి చూపు తీసేసి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.